ఎత్తుకు వెళ్లే కొద్దీ గురుత్వ త్వరణం ఎంత తగ్గుతుంది? లెక్క కట్టే పద్ధతి, పొరపాట్లతో సహా

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక కోచింగ్ సెంటర్ వారాంతపు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది: భూమి నుంచి ఎంత ఎత్తుకు వెళ్తే గురుత్వ త్వరణం సగమవుతుంది? ఠక్కున సూత్రంలో వేసి 1,593 కిలోమీటర్లు అని పెట్టాను. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సూత్రం కూడా పుస్తకంలో ఉన్నదే. అయినా జవాబు తప్పు, పైగా ఒక మార్కు మైనస్. అసలు జవాబు సుమారు 2,639 కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తేడా ఎలా వచ్చిందని అడిగితే ‘కీ చూసుకో’ అన్నారు.

కీ చూస్తే జవాబు దొరుకుతుంది కానీ కారణం దొరకదు కదా. ఆ కారణం నాకు అర్థం కావడానికి మరో రెండేళ్లు పట్టింది. ఆ దారినే ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. కాలిక్యులేటర్, ఒక కాగితం ఉంటే చాలు. గురుత్వ త్వరణం అంటే భూమి లాగుడు వల్ల కింద పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ అంకె; నేల మీద అది సుమారు 9.8 మీటర్లు/సెకను². దాన్ని క్లాసులో పిలిచినట్టే ‘జీ’ అంటాను.

మొదటి అడుగు: ఎత్తు కాదు, దూరం

ఈ లెక్కలో తొంభై శాతం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మనం ఎత్తును నేల నుంచి కొలుస్తాం. కొండ ఎత్తు, విమానం ఎత్తు, ఉపగ్రహం ఎత్తు, అన్నీ నేల నుంచే. కానీ భూమి మనల్ని లాగడానికి మన కాళ్ల కింద నేల ఎక్కడుందో చూడదు. గోళాకారంలో ఉన్న వస్తువు బయట ఉన్నవాటిని లాగే తీరు, దాని ద్రవ్యరాశి అంతా కేంద్రం దగ్గరే ముద్దగా పెట్టినట్టు ఉంటుందని న్యూటన్ నిరూపించాడు. 1687లో అచ్చయిన తన గ్రంథంలో ఆ నిరూపణ ఉంది.

అంటే నేల మీద నిలబడ్డప్పుడే మనం కేంద్రం నుంచి 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. అది భూమి సగటు వ్యాసార్ధం. డాబా ఎక్కితే 6,371 మీద మూడు మీటర్లు కలుస్తాయి. ఎవరెస్ట్ ఎక్కితే కలిసేది 8.849 కిలోమీటర్లు. ఆరు వేల కిలోమీటర్ల పక్కన తొమ్మిది ఏపాటి?

కాబట్టి లెక్క మొదలుపెట్టగానే కాగితం మీద మొదటి వరుసలో ఇది రాయండి:

కేంద్రం నుంచి దూరం = వ్యాసార్ధం + ఎత్తు

రెంటినీ ఒకే యూనిట్‌లో పెట్టండి. వ్యాసార్ధం కిలోమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉంచి కూడేసి, అంతరిక్ష కేంద్రాన్ని చంద్రుడి కంటే దూరం పంపినవాళ్లను చూశాను.

రెండో అడుగు: వర్గం ఎందుకు వచ్చింది

సూత్రం ఇది:

ఎత్తులో జీ = నేల మీద జీ × (వ్యాసార్ధం ÷ కేంద్రం నుంచి దూరం)²

ఆ పైన ఉన్న రెండు ఎందుకో తెలియకపోతే సూత్రం రెండు రోజుల్లో మరిచిపోతాం. పెనం మీద గరిటెడు పిండి వేసి దోసె తిప్పుతున్నారనుకోండి. జానెడు దోసె వేస్తే ఒక మందం వస్తుంది. అదే గరిటెడు పిండితో రెండు జానల వెడల్పు దోసె వేస్తే వైశాల్యం నాలుగింతలు, కాబట్టి మందం నాలుగో వంతు. మూడు జానలైతే తొమ్మిదో వంతు, కాగితం దోసె. గురుత్వమూ అలాగే పరుచుకుంటుంది. దోసెకు బదులు ఇక్కడ కేంద్రం చుట్టూ ఊహించుకున్న గోళాలు. దూరం రెట్టింపైతే గోళం ఉపరితలం నాలుగింతలవుతుంది, లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. పిండి మాత్రం అంతే.

దీన్నే విలోమ వర్గ నియమం అంటారు. చంద్రుడు భూమి కేంద్రం నుంచి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో, అంటే సుమారు 60 భూవ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. అక్కడ భూమి లాగుడు ఇక్కడి దానిలో 60 × 60, అంటే 3,600వ వంతు. 9.8ని 3,600తో భాగిస్తే 0.0027. చంద్రుడు 27.3 రోజులకు ఒక చుట్టు తిరగడానికి కావలసిన త్వరణం వేరుగా లెక్కేసినా 0.0027 వస్తుంది. పండును నేలకు రాల్చేది, చంద్రుణ్ణి చుట్టూ తిప్పేది ఒకటే అని న్యూటన్ ధైర్యంగా అనగలిగింది ఈ రెండు అంకెలు కలిసినందుకే.

మూడో అడుగు: ఒక లెక్క పూర్తిగా చేద్దాం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అక్కడ జీ ఎంత?

దూరం: 6371 + 400 = 6771.
నిష్పత్తి: 6371 ÷ 6771 = 0.9409.
వర్గం: 0.9409 × 0.9409 = 0.8853.
చివరగా: 9.8 × 0.8853 = 8.68 మీటర్లు/సెకను².

సున్నా కాదు, సున్నాకు దగ్గరగా కూడా లేదు. నేల మీది దానిలో 88 శాతం పైనే. 400 కిలోమీటర్ల ఎత్తున్న స్తంభం కట్టి దాని కొసన 60 కిలోల మనిషిని స్ప్రింగు కాటా మీద నిలబెడితే, ముల్లు 53 కిలోల దగ్గర ఆగుతుంది.

మరి వ్యోమగాములు తేలుతారేం? జీ లేక కాదు, వాళ్లూ వాళ్ల గదీ కలిసి పడిపోతున్నందువల్ల. అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతూ పడుతుంటుంది. అది పడే వంపు, భూమి వంపు సరిపోతాయి కాబట్టి నేలను తాకదు. కాటా కూడా మనతో పాటే పడుతుంటే దాన్ని నొక్కేదెవరు? ఈ ఒక్క విషయంలో ‘జీరో గ్రావిటీ’ అనే మాట చేసిన నష్టం ఇంతా అంతా కాదు. పేపర్లో ఆ మాట కనబడితే నాకు ఇప్పటికీ పెన్ను తీసి కొట్టేయాలనిపిస్తుంది.

నేల మీద జీ తెలియకపోయినా ఈ లెక్క చేయొచ్చు. గురుత్వ స్థిరాంకాన్ని (న్యూటన్ గురుత్వ సూత్రంలో ఎక్కడా మారని అంకె) భూమి ద్రవ్యరాశితో గుణిస్తే 3.986 × 10¹⁴ వస్తుంది (మీటర్లు, సెకన్లలో). దాన్ని దూరం వర్గంతో భాగించడమే. అంతరిక్ష కేంద్రానికి 8.69 వస్తుంది. పైన 8.68 వచ్చింది కదా, తప్పెక్కడ? ఎక్కడా లేదు. 9.8 అని మనం గుండుగుత్తగా తీసుకున్నాం, అంతే.

ఇదే దారిలో టీవీ డిష్‌లు చూసే భూస్థిర ఉపగ్రహాలకు వేసి చూడండి. ఎత్తు 35,786 కిలోమీటర్లు, కేంద్రం నుంచి 42,164 (ఇవి భూమధ్యరేఖ మీద తిరుగుతాయి కాబట్టి ఇక్కడ సగటు కాకుండా అక్కడి వ్యాసార్ధం 6,378 కలపాలి). జవాబు 0.224. దీన్ని సరిచూసుకోవడానికి చక్కటి ఉపాయం ఉంది. ఆ ఉపగ్రహం భూమితో పాటే 86,164 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది (నక్షత్రాలను బట్టి చూస్తే భూమి ఒక చుట్టు తిరిగే కాలం ఇది, 24 గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ). వృత్తంలో తిరిగే వస్తువు త్వరణం 4π² × దూరం ÷ కాలం². దూరాన్ని మీటర్లలో పెట్టి కట్టండి, మళ్లీ 0.224. గురుత్వం ఊసెత్తని సూత్రం అదే అంకె ఇవ్వడం చూసిన రోజు నాకు భలే అనిపించింది.

నాలుగో అడుగు: అడ్డదారి, అది ఎక్కడిదాకా

ఎత్తు తక్కువగా ఉన్నప్పుడు వర్గాలతో పని లేదు:

ఎత్తులో జీ ≈ నేల మీద జీ × (1 − 2 × ఎత్తు ÷ వ్యాసార్ధం)

నోటి లెక్కగా చెప్పాలంటే, ఎత్తు వ్యాసార్ధంలో ఎంత శాతమో చూసి దాన్ని రెట్టింపు చేయండి. అంత శాతం తగ్గుతుంది. భూమికైతే కిలోమీటరుకు 0.0031 మీటర్లు/సెకను² పోతుందని గుర్తుంటే చాలు. విమానం 11 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతుంటే తగ్గుదల 0.35 శాతం. 60 కిలోల మనిషికి కాటాలో దాదాపు 200 గ్రాములు. విమానంలో పెట్టే భోజనం అంతకంటే బరువే ఉంటుంది.

ఈ అడ్డదారి ఎక్కడిదాకా పనికొస్తుంది? 100 కిలోమీటర్ల ఎత్తుకు ఇది 3.14 శాతం తగ్గుతుందంటుంది, అసలు తగ్గేది 3.07. ఫరవాలేదు. 400 కిలోమీటర్లకు 12.6 శాతం అంటుంది, అసలుది 11.5. ఇక ఇబ్బంది మొదలైంది. వ్యాసార్ధంలో సగం, అంటే 3,185 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే జీ సున్నా అని చెబుతుంది. ఇంకా పైకి వెళ్తే మైనస్ అంటుంది. భూమి మనల్ని పైకి తోసేస్తుందన్నమాట!

పరీక్షలో నేను చేసింది ఇదే. ‘సగం’ అంటే చిన్న మార్పు కాదు. చిన్న మార్పుల కోసం పుట్టిన సూత్రంలో దాన్ని ఇరికిస్తే వ్యాసార్ధంలో నాలుగో వంతు, 1,593 కిలోమీటర్లు వస్తుంది. నా లెక్కన ఎత్తు వ్యాసార్ధంలో రెండు శాతం దాటితే అడ్డదారి వదిలేయడం మంచిది. భూమికి అది సుమారు 130 కిలోమీటర్లు.

ఐదో అడుగు: వెనక నుంచి ముందుకు

‘ఎంత ఎత్తులో జీ ఇంత అవుతుంది’ అని అడిగితే సూత్రాన్ని తిరగేయాలి. జీ ఎన్నో వంతుకు పడాలో ఆ భిన్నం రాయండి. దాని వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగించండి. వచ్చినదానిలోంచి ఒకటి తీసేసి వ్యాసార్ధంతో గుణించండి.

సగానికి: వర్గమూలం 0.7071, ఒకటిని దానితో భాగిస్తే 1.4142, ఒకటి తీస్తే 0.4142, గుణిస్తే 2,639 కిలోమీటర్లు. పది శాతం తగ్గాలంటే సుమారు 345 కిలోమీటర్లు. ఒక్క శాతం తగ్గాలంటే 32 కిలోమీటర్లు ఎక్కాలి, అంటే ఏ ప్రయాణికుల విమానం ఎక్కినా ఆ ఒక్క శాతం కూడా చూడలేం. నాలుగో వంతుకు పడేది సరిగ్గా ఒక వ్యాసార్ధం ఎత్తులో, 6,371 కిలోమీటర్ల దగ్గర. ఇక్కడ చాలామంది ‘ఎత్తు వ్యాసార్ధమంత ఉంది కాబట్టి సగం’ అంటారు. కేంద్రం నుంచి దూరం రెట్టింపైంది. దోసె గుర్తు తెచ్చుకోండి.

ఎత్తుతో పాటు లోతు గురించి కూడా పరీక్షల్లో అడుగుతారు. అది వేరే కథ. భూమి అంతా ఒకే సాంద్రత అనుకుంటే లోతుకు తగ్గుదల ఎత్తుకు తగ్గేదానిలో సగం. నిజం భూమిలో సాంద్రత లోపలికి పెరుగుతుంది కాబట్టి, సుమారు 2,900 కిలోమీటర్ల లోతులో కేంద్రభాగం మొదలయ్యే చోట జీ 10 దాటే ఉంటుంది.

ఆరో అడుగు: వేరే గ్రహానికి వెళ్దాం

సూత్రం అదే, మారేవి రెండు అంకెలు: ఆ గ్రహం ఉపరితల జీ, దాని వ్యాసార్ధం. కానీ ఇక్కడ ఒక విషయం తేటపడుతుంది. ఎన్ని కిలోమీటర్లు ఎక్కామన్నదాన్ని బట్టి తగ్గుదల తేలదు. ఆ ఎత్తు గ్రహం వ్యాసార్ధంలో ఎన్నో వంతో చూడాలి.

భూమి మీద 100 కిలోమీటర్లు ఎక్కితే పోయేది మూడు శాతం. చంద్రుడి వ్యాసార్ధం 1,737 కిలోమీటర్లు, ఉపరితల జీ 1.62. అక్కడా 100 కిలోమీటర్లే ఎక్కండి: 1737 ÷ 1837 = 0.9456, వర్గం 0.894, జవాబు 1.45. దాదాపు 11 శాతం పోయింది. చంద్రయాన్‌ల గురించి చదివేటప్పుడు తరచూ కనిపించే 100 కిలోమీటర్ల కక్ష్య ఇదే.

ఇంకా పదునైన ఉదాహరణ మంగళయాన్. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలోకి చేరింది. ఆ కక్ష్య బాగా సాగదీసిన కోడిగుడ్డు: దగ్గరి కొస 421.7 కిలోమీటర్ల ఎత్తులో, దూరపు కొస 76,993.6 కిలోమీటర్ల ఎత్తులో. అంగారకుడి వ్యాసార్ధం 3,389.5, ఉపరితల జీ సుమారు 3.72.

దగ్గరి కొస: 3389.5 ÷ 3811.2 = 0.8894, వర్గం 0.791, జీ 2.94.
దూరపు కొస: 3389.5 ÷ 80383 = 0.04217, వర్గం 0.00178, జీ 0.0066.

ఒకే చుట్టులో లాగుడు దాదాపు 445 రెట్లు మారుతోంది. దూరపు కొసన మంగళయాన్ నింపాదిగా కదులుతూ, దగ్గరి కొసన ఒక్క ఊపున దూసుకుపోయిందంటే ఈ రెండు అంకెల వల్లే. మీరు ఒక్క లెక్కే చేద్దామనుకుంటే ఇది చేయండి. అడ్డదారి సూత్రంలో కూడా వేసి చూడండి, దూరపు కొసకు ఎంత అఘాయిత్యపు అంకె వస్తుందో.

ఏడో అడుగు: కాగితం వదిలి నేల మీదికి

ఇప్పటిదాకా భూమిని నున్నటి, కదలని బంతి అనుకున్నాం. నిజం భూమి తిరుగుతుంది, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. అందుకే సముద్రమట్టంలో కూడా జీ అంతటా ఒకటి కాదు: భూమధ్యరేఖ మీద 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఈ తేడాకు సమానమైన తగ్గుదల ఎత్తుతో రావాలంటే 17 కిలోమీటర్లు ఎక్కాలి.

పుస్తకాల్లో కనిపించే 9.81 లండన్, ప్యారిస్ లాంటి ఊళ్లకు నప్పే అంకె. 1901లో ప్రమాణంగా ఖాయం చేసిన 9.80665 కూడా 45 డిగ్రీల అక్షాంశం వైపుది. మన విశాఖ తీరంలో జీ సుమారు 9.785. మూడో దశాంశం దాకా కావాలంటే లెక్కను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. విశాఖ బీచ్ రోడ్డులో స్ప్రింగు కాటా మీద 60 కిలోలు తూగిన మనిషి అదే కాటాను సూట్‌కేసులో పెట్టుకుని న్యూజెర్సీలో కూతురి ఇంటికి వెళ్లి తూచుకుంటే, తిండి సంగతి పక్కన పెట్టినా, వంద గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. రెండు పళ్లేల తక్కెడైతే తేడా చూపదు. మనిషినీ రాళ్లనూ భూమి ఒకే తీరుగా లాగుతుంది. బంగారం తూచే ఎలక్ట్రానిక్ కాటాలను వాడే చోటే సరిచూడాలనడానికి ఇదొక కారణం.

ఇక కొండలు. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. అడ్డదారిలో వేస్తే జీ 0.0022 తగ్గాలి. 60 కిలోల మనిషికి 13 గ్రాములు. కానీ కొండ మీదకు వెళ్లడం, బెలూన్‌లో వెళ్లడం ఒకటి కాదు. కొండెక్కినప్పుడు కాళ్ల కింద 700 మీటర్ల రాయి కొత్తగా చేరింది, అదీ కిందికి లాగుతుంది. 1730ల్లో ఆండీస్ పర్వతాలకు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగే లోలకాలతో దీన్నే పట్టుకున్నాడు: అక్కడి కీటో పీఠభూమి మీద జీ తగ్గిన మాట నిజమే, కానీ విలోమ వర్గ నియమం చెప్పినంత తగ్గలేదు. మామూలు రాతికి ఈ సవరణ తగ్గుదలలో మూడో వంతు పైగా తినేస్తుంది. తిరుమలకు ఆ లెక్కన మిగిలేది 0.0014, మనిషికి ఎనిమిదిన్నర గ్రాములు. ప్రసాదంగా చేతిలో పెట్టే ఒక్క లడ్డూ దీనికి ఎన్నో రెట్లు.

హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వంటి చోట్ల ఈ సవరణలే రోజువారీ పని. వాళ్ల కొలత మిల్లీగాల్ (0.00001 మీటర్లు/సెకను²), గెలీలియో పేరు మీద వచ్చింది. మీటరు ఎత్తుకు తగ్గుదల 0.3086 మిల్లీగాల్. ఎత్తు, అక్షాంశం, రాయి, ఇవన్నీ తీసేశాక మిగిలిన చిన్న తేడాను బట్టి భూమి లోపల బరువైన శిల ఉందో, తేలికైనది ఉందో ఊహిస్తారు.

చివరగా: ఇంట్లో చూడొచ్చా?

ఫోన్లో ఫైఫాక్స్ లాంటి యాప్ పెట్టి జీ కొలవొచ్చు. నేనూ ఉత్సాహపడి అపార్ట్‌మెంట్ కింద ఒకసారి, పదో అంతస్తులో ఒకసారి కొలిచాను. రెండో దశాంశంలో అంకె ఊగుతూనే ఉంది. పది అంతస్తులకు రావలసిన తేడా 0.0001. ఊపులో కొట్టుకుపోయింది. లిఫ్టులో మాత్రం అంకె గట్టిగా ఎగిరిపడుతుంది. అది లిఫ్టు త్వరణం, ఎత్తు మహిమ కాదు.

పాత గోడగడియారం మేలు. లోలకం ఊగే కాలం జీ వర్గమూలాన్ని బట్టి మారుతుంది, ఒక రోజులో 86,400 సెకన్లుంటాయి, కాబట్టి చిన్న తేడా కూడా పోగవుతుంది. తిరుపతిలో సరిగ్గా నడిచే లోలకం గడియారం తిరుమలలో రోజుకు ఆరు సెకన్లు వెనకబడాలి. వారం ఉంచితే ముప్పావు నిమిషం. ఒకటే చిక్కు: కొండ మీద నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఉక్కు కడ్డీ కాస్త కుంచించుకుని గడియారాన్ని రోజుకు రెండున్నర సెకన్లు ముందుకు నెడుతుంది. కాబట్టి గడియారంతో పాటు థర్మామీటర్ కూడా పట్టుకెళ్లండి.